ఈ వెర్న్ ఎవరి వెర్న్? ఒక సేకరణ డైరీ

మొదటి వారం

అలమరలో ఉన్న ఫ్రెంచి నవలాకారుడు జూల్స్ వెర్న్ పుస్తకాలన్నిటినీ కిందికి దించి లెక్కపెట్టడంతో ఈ పని మొదలైంది. మొత్తం 37 ప్రతులు తేలాయి. వాటిలో ‘సముద్రగర్భంలో ఇరవై వేల లీగులు’ ఒక్కటే ఆరు ప్రతులు, ‘భూకేంద్రానికి ప్రయాణం’ ఐదు ప్రతులు ఉన్నాయి. ఇన్నేళ్లుగా కంటపడిన ప్రతినల్లా తెచ్చుకోవడమే తప్ప ఏది ఎందుకు తెచ్చుకున్నానో ఎక్కడా రాసి పెట్టుకోలేదు కనుక, ఒకే అట్టబొమ్మ ఉన్న ఒకే పుస్తకం రెండుసార్లు ఇంట చేరిన సందర్భాలు కూడా బయటపడ్డాయి. 1863 జనవరిలో వచ్చిన ‘బెలూన్‌లో ఐదు వారాలు’ మొదలుకొని, 1905 మార్చి 24న ఫ్రాన్సులోని అమియాఁ నగరంలో కన్నుమూసేదాకా, ‘అసాధారణ యాత్రలు’ అనే వరుసలో వెర్న్ నవలలు 54 వెలువడ్డాయని పండితుల లెక్క. నా 37 ప్రతులలో వేర్వేరు నవలలు 14 మాత్రమే. అంటే నాది సేకరణ కాదు, పోగు.

మూడు నెలల పని అనుకున్నాను. మొదట ఒక రిజిస్టరు తయారు చేయాలి, తరువాత నిలబెట్టదగ్గ ప్రతులకు అట్టపెట్టెలు చేయాలి, చివరగా ఖాళీలు ఏవో చూసి వాటిని పూరించాలి. రిజిస్టరులో గడులు గీశాను: నవల పేరు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పేజీలు, అట్ట పరిస్థితి, కుట్టు పరిస్థితి. అనువాదకుని పేరుకు గడి గీయాలన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. ఆ పేజీలన్నీ ఇప్పుడు కొట్టివేసి ఉన్నాయి.

రెండో వారం

చిన్ననాడు నేను చదివి మురిసిపోయిన భూకేంద్ర యాత్రలో ప్రొఫెసర్ హార్డ్‌విగ్ అనే ముక్కోపి శాస్త్రవేత్త, ఆయన మేనల్లుడు హ్యారీ ఉంటారు. రిజిస్టరులో ఎక్కించడానికి రెండో ప్రతి తెరిస్తే అదే ప్రొఫెసరు లీడెన్‌బ్రాక్ అయ్యాడు, మేనల్లుడు ఆక్సెల్ అయ్యాడు. పొరపాటు రెండో పుస్తకానిదే అనుకున్నాను. ఎంతైనా మొదట పరిచయమైనవాడే అసలువాడనిపిస్తుంది కదా. నిఘంటువు పక్కన పెట్టుకుని ఫ్రెంచి మూలం మొదటి పేజీని కూడబలుక్కున్నాక తేలింది, హార్డ్‌విగ్ అనేవాడు వెర్న్ పుస్తకంలో ఎక్కడా లేడని. 1871లో లండన్‌లో గ్రిఫిత్ అండ్ ఫారన్ సంస్థ అనువాదకుని పేరు లేకుండా ప్రచురించిన ఆంగ్ల ప్రతిలో పుట్టిన మనిషి అతడు.

పేరుతో పోయిందా అంటే పోలేదు. మూలంలో కథ ‘1863 మే 24, ఆదివారం’ అన్న తేదీతో, హాంబర్గ్‌లోని కోనిగ్‌స్ట్రాసే వీధిలో 19వ నంబరు ఇంటికి ప్రొఫెసరు హడావుడిగా తిరిగి రావడంతో, ఉన్న పళాన మొదలవుతుంది. 1871 ఆంగ్ల ప్రతిలోనేమో, గడిచిపోయిన రోజులను తలచుకుని కథకుడు తన సాహసాల గురించి తానే విస్తుపోతూ చేసే ఉపోద్ఘాతం మొదట వస్తుంది. వెర్న్ తేదీ, వీధి, ఇంటి నంబరు చెప్పి పాఠకుణ్ణి నమ్మించి, ఆ నమ్మకం మీద అసాధ్యాన్ని నిలబెడతాడు. ఈ అనువాదకుడు ఆ పునాదిని తీసి పక్కన పడేసి దాని చోట నిట్టూర్పు పెట్టాడు. 1877లో ఫ్రెడరిక్ మాలెసన్ చేసిన మరో అనువాదం మాత్రం తేదీతోనే, ఇంటి నంబరుతోనే మొదలవుతుంది, ప్రొఫెసరు పేరులో ఒక అక్షరం ఎక్కువైనా.

ఇది సేకరించేవాడికి చక్కటి గీటురాయి. అనువాదకుని పేరు వేయని చవక ముద్రణలు ఎన్ని ఉన్నా, మొదటి వాక్యం చూస్తే వంశం తెలిసిపోతుంది. నా ఐదు ప్రతులలో మూడు హార్డ్‌విగ్ సంతానం, ఒకటి మాలెసన్‌ది, ఒకటి ఇటీవలి అనువాదం. ఆ మూడింటిలో ఒకదాని అట్ట మీద ‘సంపూర్ణ ప్రతి’ అని కూడా ఉంది. మూలంలోనూ ఒక మెలిక ఉంది: 1864 నాటి తొలి ముద్రణ తరువాత, 1867లో రియూ గీసిన బొమ్మలతో వచ్చిన ముద్రణకు వెర్న్ కొత్త ప్రకరణాలు చేర్చాడు; భూగర్భంలో కనిపించే ఆ మహాకాయుడైన పశుల కాపరి అప్పుడే కథలోకి వచ్చాడు. రిజిస్టరులో ‘అనువాదకుడు’ అన్న గడి ఈ వారం చేరింది.

నాలుగో వారం

మొదటి వాక్యపు గీటురాయి సముద్రగర్భ నవల దగ్గర పనిచేయలేదు. 1866వ సంవత్సరంలో ఒక వింత జరిగిందనే మాటతోనే అన్ని ప్రతులూ మొదలవుతున్నాయి. మూడు సాయంత్రాలు వృథా అయ్యాక అసలు ఆనవాలు రెండో ప్రకరణంలో దొరికింది. కథ చెప్పే ప్రొఫెసర్ ఆరొనాక్స్ తాను అమెరికాలోని నెబ్రాస్కాలో ఉన్న ‘బ్యాడ్‌ల్యాండ్స్’ నుంచి, అంటే కోతపడిన బంజరు గుట్టల ప్రాంతం నుంచి, తిరిగి వచ్చానని చెబుతాడు. అది ఒక భౌగోళిక నామం. దాన్ని మాటకు మాట చూసుకుని, నెబ్రాస్కా అనే ‘అప్రియమైన ప్రాంతం’ అని అనువదించినవాడు లూయిస్ పేజ్ మెర్సియర్ అనే క్రైస్తవ మతాచార్యుడు. పుస్తకం మీద పేరు తిరగేసి మెర్సియర్ లూయిస్ అని ఉంటుంది. పుస్తకం తెరిచి నెబ్రాస్కా అన్న మాట వెతికితే చాలు, అర నిమిషంలో తేలిపోతుంది. నా ఆరింటిలో నాలుగు మెర్సియర్‌వే.

1873 నాటి ఈ అనువాదం మూలంలో దాదాపు నాలుగో వంతును ఎగరగొట్టింది. చేపల జాతులు, సముద్ర ప్రవాహాలు, గణితం వంటివి విసుగనిపించినచోటల్లా కత్తెర పడింది. మిగిలిన లెక్కలలోనూ తప్పులు దొర్లాయి. జలాంతర్గామి నాటిలస్ గోడల ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లని దాని కెప్టెన్ నీమో చెబుతాడు. మెర్సియర్ చేతిలో అది 0.7 నుంచి 0.8 అయింది. అంత తేలికైన ఉక్కు నీటి మీద చెక్కలా తేలుతుంది! ఇలాంటివి చదివిన ఆంగ్ల పాఠకులు వెర్న్‌ను లెక్కలు తెలియని పిల్లల రచయితగా జమకట్టారు. 1965లో వాల్టర్ జేమ్స్ మిల్లర్ తాను సంస్కరించిన ప్రతిని వెలువరిస్తూ ఈ కోతలనూ తప్పులనూ బయటపెట్టేదాకా, తొంభై ఏళ్లకు పైగా ఆ నేరం రచయిత ఖాతాలోనే ఉండిపోయింది. గుడ్డి కన్నా మెల్ల మేలని మెర్సియర్‌ను సమర్థించేవారు ఉన్నారు. ఆ పుస్తకం నన్ను కూడా సముద్రానికి పరిచయం చేసిందే కనుక నేనూ పూర్తిగా కాదనలేను. కాని నాలుగు ప్రతులు అక్కర లేదు.

ప్రసంగవశాత్తు ఒక మాట. నా ప్రతులలో ఒకదాని వెనుక అట్ట, ఇరవై వేల లీగుల ‘లోతు’కు మనలను ఆహ్వానిస్తోంది. వెర్న్ లీగు నాలుగు కిలోమీటర్లు. ఇరవై వేలంటే 80,000 కిలోమీటర్లు. భూమి వ్యాసమే దాదాపు 12,742 కిలోమీటర్లు కనుక, అంత లోతుకు దిగినవాడు భూమిని ఆరుసార్లు దాటి పోవాలి. అది నీటి అడుగున తిరిగిన దూరం, దిగిన లోతు కాదు.

ఆరో వారం

చదువు ఆపి కత్తీ స్కేలూ పట్టుకున్నాను. పాత ప్రతుల కాగితం ఆమ్లం పట్టి అంచుల దగ్గర గోధుమ రంగుకు తిరిగింది. మూల మడిస్తే విరిగి చేతికి వస్తోంది. కాగితాన్ని నయం చేసే విద్య నాకు లేదు కనుక, వెలుతురూ దుమ్మూ సోకకుండా ప్రతి పుస్తకానికీ దాని కొలతకు తగిన, మూతపడే పెట్టె చేయడమే నా చేతిలో ఉన్న పని. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఆమ్లరహితపు గట్టి అట్ట, నూలు గుడ్డ, ఉడికించిన గోధుమ గంజి జిగురు, ఎముక ముక్కతో చేసిన మడత పుల్ల, సామగ్రి ఇంతే.

మొదటి పెట్టె పాడైంది. పుస్తకం కొలతకు సరిగ్గా అట్ట కోశాను. లోపల అతికే గుడ్డకూ కాగితానికీ మందం ఉంటుందన్న సంగతి మరిచాను. పుస్తకం లోపలికి దూరింది కాని బయటికి రానని మొరాయించింది. వెన్ను పట్టి లాగితే ఊడివచ్చేది కనుక పెట్టెనే కోసి పుస్తకాన్ని విడిపించాల్సి వచ్చింది. రెండో పెట్టె మూత ఎండాక విల్లులా వంగింది. అట్టకు ఒకవైపే గుడ్డ అతికిస్తే, జిగురు ఆరేకొద్దీ అది ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. రెండోవైపు కూడా కాగితం అతికించి లాగుడు సమం చేయాలి. అట్టకు కూడా చెక్కలాగే నార దిశ ఉంటుంది. చేతుల్లో పట్టుకుని రెండు వైపులా కొద్దిగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో తెలుస్తుంది. ఆ నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేట్టు కోస్తేనే పెట్టె నిటారుగా నిలుస్తుంది. మూడో పెట్టెకు అన్ని వైపులా మూడు మిల్లీమీటర్లు వదిలి, అతికించినప్పుడల్లా రాత్రంతా బరువు కింద ఉంచాను. అది నిలిచింది.

ఎనిమిదో వారానికి తొమ్మిది పెట్టెలు పూర్తయ్యాయి.

తొమ్మిదో వారం

సేకరణలో ఉన్న ఒకే ఒక పాత ఫ్రెంచి ప్రతిని ఈ వారం పరీక్షకు తీసుకున్నాను. అది వెర్న్ ప్రచురణకర్త ఎట్జెల్ సంస్థ బొమ్మలతో ప్రచురించిన ‘రహస్య ద్వీపం’. పారిస్ రూ జకోబ్ వీధిలోని 18వ నంబరు చిరునామా శీర్షిక పేజీ మీద ఉంది కాని సంవత్సరం లేదు. ఎట్జెల్ పుస్తకాలలో ఇది మామూలే. చివర కుట్టిన ప్రచురణల జాబితాలో ఏ నవల దాకా పేర్లు ఉన్నాయో చూసి కాలం అంచనా కట్టాలి. సేకరించేవారు ఎర్రని అట్టల మీది బంగారు బొమ్మలను బట్టి ‘రెండు ఏనుగుల అట్ట’, ‘అతికించిన చిత్రపటపు అట్ట’ అని ఈ ముద్రణలకు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. నా ప్రతికి ఎవరో తరువాత సాదా తోలు అట్ట వేయించారు కనుక నాకు ఆ భాగ్యం లేదు. తోలు కూడా పొడిబారి, ముట్టుకుంటే ఎర్రటి పొడి వేళ్లకు అంటుకుంటోంది.

శీర్షిక పేజీ ప్రకారం ఇందులో ఫెరా గీసిన బొమ్మలు 154 ఉండాలి. రెండుసార్లు లెక్కపెట్టినా 151 మాత్రమే వచ్చాయి. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం గాలికా అనే తన ఇంటర్నెట్ గ్రంథాలయంలో ఉంచిన డిజిటల్ ప్రతితో పేజీ పేజీ పోల్చితే, మూడు ఆకులు ఎవరో నేర్పుగా కత్తిరించి తీసుకున్నట్టు తేలింది. బహుశా ఫ్రేము కట్టించి గోడకు తగిలించి ఉంటారు.

ఆ పోలికలో భాగంగానే మూడో భాగం పదహారో ప్రకరణం చేరుకున్నాను. ఈ డైరీలో నేను ఎక్కువ రాయదలచుకున్నది దాని గురించే. సముద్రగర్భ నవలలోని నీమో ఈ నవలలో మళ్లీ కనబడి తన జన్మరహస్యాన్ని విప్పేది అక్కడే. అతడు యువరాజు డక్కర్. బుందేల్‌ఖండ్‌ను ఏలిన ఒక రాజు కుమారుడు, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస. 1857 తిరుగుబాటుకు అతడే ప్రాణమని వెర్న్ ఒక్క చిన్న వాక్యంలో చెబుతాడు. ముందు వరుసలో నిలబడి పోరాడాడనీ, ఇరవై పోరాటాలలో పది గాయాలు తిన్నాడనీ చెబుతాడు. నిఘంటువు తిరగేస్తూ ఆ పేజీ దాటడానికి నాకు రెండు గంటలు పట్టింది, దాటాక చాలాసేపు పుస్తకం మూయలేదు.

తరువాత నా దగ్గరున్న ఆంగ్ల ప్రతి తెరిచాను. అది 1875లో కింగ్‌స్టన్ పేరుతో లండన్‌లో వచ్చిన అనువాదం. నిజానికి చేసింది ఆయన భార్య ఆగ్నెస్ అని పరిశోధకులు తేల్చారు. ఇంజనీరు సైరస్ స్మిత్ ఇందులో సైరస్ హార్డింగ్ అయ్యాడు. అది చిన్న విషయం. అదే ప్రకరణంలో, అదే చోట, భారతీయులను అరాచకం నుంచి, నిత్య యుద్ధాల నుంచి తప్పించి శాంతి సౌభాగ్యాలు కలిగించినవారు ఆంగ్లేయులేనని, స్వార్థపరులైన రాజులు ప్రజలను రెచ్చగొట్టారని, డక్కర్ తన చిరకాలపు ఆశ తీర్చుకునే అవకాశం దొరుకుతుందని నమ్మి అందులోకి సులువుగా దిగిపోయాడని ఉంది. వెర్న్ ఈ మాటలు రాయలేదు. తిరుగుబాటుకు ప్రాణమైనవాడు అనువాదంలో ఎవరో ఈడిస్తే వెళ్లినవాడయ్యాడు. మాట వదిలేయడం ఒక రకం, అర్థం కాక తప్పు రాయడం ఒక రకం. లేని మాటను రచయిత నోట పెట్టి, అతడు చెప్పినదానికి ఎదురు చెప్పించడం వీటి కోవలోకి రాదు. మెర్సియర్‌ను క్షమించినంత సులువుగా దీన్ని క్షమించలేకపోతున్నాను.

సముద్రగర్భ నవలలోనే దీనికి బీజం ఉందని ఇప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే కనబడింది. మన్నార్ సింధుశాఖలో ముత్యాల కోసం మునిగిన పేదవాణ్ణి సొరచేప నుంచి కాపాడాక, అతడు పీడిత దేశవాసి అని, తుది శ్వాస దాకా తానూ ఆ దేశానికే చెందుతానని నీమో అంటాడు. అయితే రెండు నవలల తేదీలు ఒకదానితో ఒకటి పొసగవు. ప్రచురణకర్త దానికి పాదసూచిక పెట్టి, తేదీల తేడా ఉందని ఒప్పుకుని ఊరుకున్నాడు.

ఈ పుస్తకానికి 2001లో రెండు కొత్త ఆంగ్ల అనువాదాలు వచ్చాయి. సిడ్నీ క్రావిట్జ్‌ది ఒకటి, జోర్డాన్ స్టంప్‌ది మరొకటి. ఖాళీలు పూరించే జాబితాలో మొదటి రెండు పేర్లు ఇవే రాసుకున్నాను. కింగ్‌స్టన్ ప్రతిని మాత్రం తీసివేయను. పెట్టెలో, అసలు ప్రతి పక్కనే ఉంటుంది.

పదకొండో వారం

అనువాదకులను పక్కకు నెట్టి మూలానికి చేరితే శుద్ధమైన వెర్న్ దొరుకుతాడనుకున్నాను. ఆ ఆశ కూడా నిలవలేదు. నీమోను మొదట వెర్న్ ఊహించింది భారతీయుడిగా కాదు, 1863 తిరుగుబాటులో కుటుంబాన్ని రష్యన్ల చేతిలో పోగొట్టుకున్న పోలిష్ ప్రభువుగా. రష్యాలో పుస్తకాల అమ్మకం దెబ్బతింటుందని ప్రచురణకర్త పియేర్ జూల్ ఎట్జెల్ ఒప్పుకోలేదు. దానితో మొదటి నవలలో నీమో ఏ దేశంవాడో చెప్పకుండా వదిలేయవలసి వచ్చింది. డక్కర్ ఆ ఖాళీలోంచి తరువాత పుట్టినవాడే. అతని చివరి మాట కూడా ఎట్జెల్ దిద్దినదే: వెర్న్ ‘స్వాతంత్ర్యం!’ అని రాస్తే, అచ్చులో ‘దైవం, దేశం!’ అని వచ్చింది. ఉత్తర ధ్రువాన్ని వెదుక్కుంటూ వెళ్లిన కెప్టెన్ హాటెరాస్‌ను అగ్నిపర్వతంలో పడి చనిపోయేట్టు వెర్న్ రాస్తే, ఎట్జెల్ బతికించమన్నాడు. బతికించి, మతి తప్పి ఎప్పుడూ ఉత్తరానికే నడిచేవాడిగా వెర్న్ మలిచాడు. ఈ ఒక్కచోట మాత్రం, నా మటుకు నాకు, దిద్దుబాటే మేలనిపించింది.

రిజిస్టరులో ‘అనువాదకుడు’ అన్న గడి శీర్షిక కొట్టివేసి, ‘ఎవరి చేయి పడింది’ అని రాశాను. ఆ గడి ఇప్పుడు అన్నిటికన్నా వెడల్పుగా ఉంది.

పన్నెండో వారం

చివరి అర త్వరగానే సర్దుకుంది. వెర్న్ పోయాక కుమారుడు మిషెల్ వెలువరించిన నవలలకు విడిగా చోటు ఇచ్చాను. ‘బంగారు అగ్నిపర్వతం’, ‘ఉల్క వేట’, ‘జోనాథన్ ఓడ బాధితులు’ వంటివాటిని అతడు బాగా మార్చి రాశాడని, 1970లలో పియెరో గొండోలో డెల్లా రీవా అనే ఇటాలియన్ సేకర్త ఎట్జెల్ వారసుల దగ్గర వెర్న్ అసలు ప్రతులను చూశాకే రుజువైంది. ఆ తరువాత జూల్స్ వెర్న్ సంఘం అసలు పాఠాలను అచ్చు వేసింది. ఒక సేకర్త కుతూహలం వల్ల రచయిత మాటలు తిరిగి రచయితకు దక్కాయి. ఆయన సేకరణను 2000లో అమియాఁ నగరం కొన్నది. ‘ఇరవయ్యో శతాబ్దంలో పారిస్’ పుస్తకానిది మరో దారి: ఎట్జెల్ తిరస్కరించాక అచ్చు ముఖం చూడడానికి 1994 దాకా ఆగింది. దాన్ని ఎవరూ దిద్దలేదు కనుక నా గడిలో మొదటిసారి ఒక అడ్డగీత పడింది.

37 ప్రతులలో 15 ఇతర పాఠకులకు ఇచ్చివేశాను, ప్రతిదానిలోనూ అది ఎవరి అనువాదమో పెన్సిలుతో రాసి. పెన్సిలే ఎందుకంటే సిరా కాగితాన్ని తింటుంది, పెన్సిలు రాతను అవసరమైతే తుడపవచ్చు. 22 ప్రతులు మిగిలాయి, 14 పెట్టెలు తయారయ్యాయి. మిగిలిన ఎనిమిదింటికి అట్ట కోసి ఉంచాను.

ద్వీప నవలలో పోయిన మూడు ఆకులను గాలికా ప్రతి నుంచి మంచి కాగితం మీద అచ్చు తీసుకున్నాను. వాటిని పుస్తకంలో అతికించాలన్న ఆలోచన విరమించుకుని, ఒక మడత కాగితంలో పెట్టి పెట్టె మూత లోపలి జేబులో దాచాను. కాగితం మీద ‘ఇవి ఈ ప్రతివి కావు’ అని రాశాను. ఆ పెట్టెలోనే కింగ్‌స్టన్ ప్రతికి పక్క అర చేయాలి. దాని వెన్ను మందం 41 మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్ల వదులు కలిపి 44. రేపు కోయాలి.